కాటుక పెట్టిన తూటా

2025 అక్టోబరు 14, మంగళవారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు. ఐర్లండ్‌లోని అత్లోన్‌లో తుంపర పడుతోంది. కిటికీ బయటి ఉష్ణమాపకం పదకొండు డిగ్రీలు చూపుతోంది. బడికి బయలుదేరుతున్న మనవరాలు నా మైక్రోమీటరు పెట్టె తెరిచి, అందులోంచి ఒక ఇత్తడి తూటా తీసి, "తాతా, ఈజ్ దిస్ రియల్?" అని అడిగింది. అందులో మందు లేదని, ఎన్నడూ లేదని చెప్పాను. దాని సీసపు మొనకు అంటిన నలుపు తన కోసం పట్టిన కాటుకేనంటే నమ్మలేదు. బడి వేళ అయింది గనుక మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

2020 ఫిబ్రవరిలో అమ్మాయి పురిటికని నేనూ నా భార్యా ఇక్కడికి వచ్చాం. మార్చిలో కరోనాతో తిరుగు విమానం రద్దయింది. డెబ్బై దాటినవాళ్ళు ఇల్లు కదలరాదన్నారు. అప్పటికి నాకు డెబ్బై ఒకటి. హైదరాబాదులో ఒక కర్మాగారపు కొలతల విభాగంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసినవాణ్ణి కావడంతో, పాలసీసా మూత మొదలు ఉయ్యాల కొక్కెం దాకా ఇంట్లో కొలవదగినవన్నీ ఏప్రిల్ చివరికల్లా కొలిచేశాను. అప్పుడే పెరటి గోడకు అవతల పొరుగింటావిడతో మాట కలిసింది. నాకన్నా మూడేళ్ళు పెద్ద, గురి పోటీల్లో పాతకాపు. ఆమె భర్త తన రైఫిలుకు కొత్త గొట్టం వేయించుకుని, ఒక్కసారైనా పేల్చకుండానే పోయాడట. తుపాకీ క్లబ్బులు మూతపడక ముందు ఆమె ఆ రైఫిలును అక్కడికి తీసుకెళ్ళింది. తానే పోతపోసిన సీసపు గుండ్లతో, క్లబ్బులో అనుమతి ఉన్న గదిలో కూర్చుకున్న తూటాలవి. మధ్యలో కాల్పులు ఆపమన్నారు. తూటాను వెనక్కి లాగితే ఇత్తడి ఒక్కటే వచ్చింది. గుండు గొట్టంలో బిగుసుకుపోయి, మందంతా లోపల ఒలికింది. క్లబ్బు మళ్ళీ తెరిచిన రోజు ఇంకొక్క అవకాశం ఇస్తామని, అప్పుడూ చిక్కుకుంటే ఆ రైఫిలు మళ్ళీ తమ మైదానంలో అడుగుపెట్టదని భద్రతాధికారి చెప్పాడు.

"తూటా పొడవు పుస్తకంలో ఉన్నట్టే పెట్టాను, ఇంజినీరుగారూ. అయినా రైఫిలే చెడిందంటాడు," అంది.

"పుస్తకంలోని అంకె ఎవరి రైఫిలుది?" అని అడిగాను.

తూటా కూర్చునే గది ముందు, గొట్టంలోని మెలిక గాడులు మొదలయ్యే దాకా ఉండే చోటును వాళ్ళు త్రోట్ అంటారు. కొత్త గొట్టంలో అది పొట్టిదై ఉండాలని నా అనుమానం. అనుమానం లెక్కలోకి రాదు. గుండు ఎక్కడ తగులుతోందో చూడాలంటే కర్మాగారంలోనైతే తగిలిన చోట చెరిగే నీలిపూత పూసేవాళ్ళం. ఇక్కడ దుకాణాలన్నీ మూతపడ్డాయి. వంటింట్లో నా భార్య ఆముదపు దీపం మీద రాగిపళ్ళెం బోర్లించి మనవరాలికి కాటుక పడుతోంది. పళ్ళేనికి అంటిన మసి నాకు కావలసినంత పలచగానే ఉంది.

"ఏవండీ, పసిపిల్ల కాటుక తుపాకీకి పెడతారటండీ? దిష్టి దానికా, మీకా?" అంది. అంటూనే చిటికెడు మసి కాగితంలో గీకి ఇచ్చింది.

మా అల్లుడికి ఇది రుచించలేదు. "మామయ్యగారూ, గార్డ్స్, అదే ఇక్కడి పోలీసులు, వచ్చి అడిగితే ఏం చెప్పమంటారు? మా మామగారు గోడ మీద తూటాలు కొలుస్తున్నారనా?"

"మందులేని తూటాలని చెప్పు. నమ్మకపోతే నన్ను పిలువు, కొలిచి చూపిస్తాను."

నేను గోడ మీద పెట్టిన ఆ మసిని ఆవిడ మందులేని తూటాకు పూసి, తన షెడ్డులో రైఫిలులో పెట్టి, మెల్లగా తీసి గోడ మీద ఉంచేది. ఆవిడ రెండు మీటర్లు వెనక్కి జరిగాక నేను తీసుకునేవాణ్ణి. మొదటిదానికి మొన చుట్టూ మసి చెరిగి సీసం మెరిసింది: పుస్తకపు పొడవులో గుండు గాడులకు గుచ్చుకుంటోంది. రెండోదానిలో గుండును ఇత్తడిలోకి ఇంకాస్త నొక్కి పంపింది. అది నా చేతికి రాకముందే, ఇంట్లోకి వచ్చే కూరగాయల సంచి నుంచి ఉత్తరాల దాకా శానిటైజరుతో తుడిచే అల్లుడు దాన్నీ తళతళలాడేలా తుడిచిపెట్టాడు.

"ఆధారమంతా తుడిచేశావు, నాయనా."

"వైరస్ మామయ్యగారూ."

"అదీ పోయింది, ఇదీ పోయింది."

ఆ తరువాత గోడ మీదే భూతద్దం పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. చినుకులు పడితే గొడుగు కింద. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేసి, ప్రతిసారీ అందులో కొన్ని భాగాలే లోపలికి జరిపించాను. లోతుకూ హద్దుంది: గుండు అడుగు ఇత్తడి మెడను దాటి మందు చోటులోకి దిగితే ఆ అచ్చు గుండ్లు ఈ గొట్టానికి పనికిరావు. నలభై ఒక్క భాగాల దగ్గర మసి ఎక్కడా చెరగలేదు. మెడ అంచుకు ఇంకా ఆరు భాగాలు మిగిలాయి. "లోతు పెరిగితే లోపల చోటు తగ్గుతుంది. మందు కొలత మొదటి నుంచీ తేల్చుకోండి," అన్నాను.

"అది మా క్లబ్బువాళ్ళ దగ్గరే తేల్చుకుంటాను. నన్ను చిన్నపిల్లనుకున్నారా? గ్రాండ్," అంది. సరేననడానికి ఇక్కడివాళ్ళ మాట అది.

జూలై మొదటి శనివారం, క్లబ్బు మళ్ళీ తెరిచిన రోజు, ఆవిడ కారు తిరిగి వచ్చేసరికి నేను గోడ దగ్గరే ఉన్నాను. మసి చెరగని ఆ చివరి తూటాను ఆవిడ గోడ మీద పెట్టి, "ఇది మీది. రైఫిలు నా దగ్గరే ఉంటుంది," అని రెండు మీటర్లు వెనక్కి జరిగింది.

ఈ ఐదేళ్ళలో కాలం ఆ నలుపును పలచబరిచింది గాని, ఇందాక మళ్ళీ కొలిస్తే పొడవులో వెయ్యోవంతైనా తేడా రాలేదు. ఆ శనివారం లెక్క ఇది: రైఫిలు గదిలోకి పంపినవి ఇరవై. పేల్చకుండా వెనక్కి తీయమన్న ఐదూ గుండుతో సహా వచ్చాయి. పదిహేను పేలాయి. చిక్కుకున్నది ఒక్కటీ లేదు.