పై బోల్టు

శాంతియాగో కొండ వీధుల్లో బండి ఆపే పద్ధతి ఒకటే: ముక్కు పల్లానికి, ముందు చక్రానికి రాయి అడ్డం. పొద్దున్నే రాయి తీసి బ్రేకు వదిలితే బండి దొర్లుతుంది. కాస్త పరుగందుకోగానే రెండో గేరులో క్లచ్చి వదిలితే ఇంజిను దగ్గుతూ లేస్తుంది. తాళంచెవి తిప్పితే ఇంజినుని లేపే సెల్ఫ్ మోటారు పోయిన కార్లన్నీ ఆ వీధిలో అలాగే బతుకుతున్నాయి. ఓదిలియా కారు కూడా వానలు మొదలైనప్పటినుంచీ అలాగే నెట్టుకొస్తోంది.

పైకి అది పాత అమెరికా కారు. లోపల ఇంజిను మాత్రం రష్యా జీపుది. ఓదిలియా తండ్రి మెల్చోర్ వయసులో ఉండగా ఇంటి ముందు వీధిలోనే, తన చేతులతోనే దాన్ని మార్చాడు. ఏళ్ళ తరబడి ఆ కారులో మనుషుల్ని ఎక్కించుకుని రేవుకీ మార్కెట్టుకీ తిప్పాడు. జబ్బు చేసి కుడి చెయ్యి పడిపోయాక స్టీరింగు కూతురి చేతికొచ్చింది. ఆయన ఇచ్చాడనడం కంటే ఆమె తీసుకుందనడమే సరి. ఆయన గుమ్మంలో ఊగుడు కుర్చీలో కూర్చుని, ఎవరైనా నమ్మకమైన డ్రైవరు ఉంటే చెప్పండయ్యా అని పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ అడుగుతుంటే, ఓదిలియా ఒకరోజు గుడ్డతో సీటు తుడిచి, ఎక్కి కూర్చుని, తలుపు వేసుకుంది.

"డ్రైవరు దొరికాడు నాన్నా. ఇంక అడక్కు," అంది.

మొదట్లో ఎక్కేవాళ్ళు శిలువ గుర్తు వేసుకుని మరీ ఎక్కేవాళ్ళు. తర్వాత అలవాటుపడ్డారు. ఆమె అద్దంలోంచి అందర్నీ చూసేది గాని ఎక్కువ మాట్లాడేది కాదు.

రేవు దగ్గర రోడ్డు చదునుగా ఉంటుంది. అక్కడ, మిట్టమధ్యాహ్నం, కారు నిండా జనం ఉండగా ఇంజిను ఆగిపోయింది. దొర్లించడానికి పల్లం లేదు. జనం దిగి తోశారు. చొక్కాలు తడిసి ఒంటికంటుకున్నాయి గాని ఇంజిను లేవలేదు.

"ఏమ్మా, మేం బండెక్కామా, బండి మమ్మల్నెక్కిందా?" అన్నాడొకాయన నుదురు తుడుచుకుంటూ. అందరూ నవ్వారు. ఒక్కొక్కరే వేరే బళ్ళెక్కి వెళ్ళిపోయారు.

అంతలో రొసెందో తన లారీలో వచ్చాడు. మెల్చోర్ తమ్ముడి కొడుకు. వంతెన కింద అతనికి షెడ్డుంది. ఇంజిన్లు ఎత్తే చైను కప్పీ ఆ పేట మొత్తానికి అతనొక్కడి దగ్గరే ఉంది. నవ్వుతూ తాడు కట్టాడు. దగ్గర దారి వదిలేసి మార్కెట్టు మీదుగా, హారన్ కొట్టుకుంటూ, నెమ్మదిగా లాక్కొచ్చాడు. వెనక స్టీరింగు పట్టుకుని ఓదిలియా తల దించకుండా కూర్చుంది.

ఇంటి ముందు తాడు విప్పుతూ రొసెందో అన్నాడు: "పెదనాన్నా, సెల్ఫ్ మార్చాలంటే ఇంజిను లేపాలి. కప్పీ నా దగ్గరుంది. బండి షెడ్డులో పడేయ్, బాగుచేస్తా. నడపడానికి మా బావమరిది ఉన్నాడు. ఓదిలియా హాయిగా ఇంటిపట్టునుంటుంది."

"ఓదిలియా హాయిగానే ఉంది," అంది ఓదిలియా.

"తాడు చివర వేలాడుతూనా?"

మెల్చోర్ కూతురి వైపు చూడలేదు. కుర్చీ ఊపడం ఆపి, "ఆదివారం దాకా చూద్దాం," అన్నాడు. "ఆదివారం పొద్దున తాళంచెవి తిప్పితే లేవాలి. లేవకపోతే నువ్వు తీసుకుపో."

రొసెందో షెడ్డులోకి వెళ్ళిన బండి పులి నోట్లోకి వెళ్ళిన మేకే. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు.

ఓదిలియా ఆ సాయంత్రమే మేడ మీద పెంచుతున్న పందిని కట్టి, చక్కెర మిల్లు పెరట్లో పాడుబడిన రష్యా జీపు దగ్గరికి తీసుకెళ్ళింది. కాపలావాడు పందిని తీసుకుని సెల్ఫ్ మోటారు ఊడదీసుకోమన్నాడు. ఇంటికి తెచ్చి, విప్పి, కిరోసిన్‌తో కడిగి, లోపల అరిగిన కార్బన్ బొగ్గుముక్కలు మార్చి బిగించింది. బ్యాటరీకి తగిలిస్తే గిర్రున తిరిగింది.

"పందినిచ్చేస్తే పండక్కి ఏం తింటారే?" అంది పక్కింటి కందిదా.

"సెల్ఫ్ మోటారు వేపుకు తింటాం అత్తా."

శనివారం పొద్దున్నే కారు కింద దూరింది. వైరు విప్పింది. కింది బోల్టులు మూలుగుతూనే వచ్చాయి. ఇక మిగిలింది పై బోల్టు. అది ఇంజినుకీ, కారు లోపలికి అడ్డంగా ఉన్న రేకు గోడకీ మధ్య సందులో ఉంది. కిందినుంచి వేలికొస తగులుతుందే గాని పానా తిరగదు. పైనుంచి చూస్తే పొగగొట్టం అడ్డం. అద్దం పట్టుకుని చూసింది, పక్కకి తిరిగి చూసింది, మోచెయ్యి గీరుకుపోయేదాకా చూసింది.

గోడ నీడలో డామినోలు ఆడుతున్న ముసలాళ్ళు ఆట ఆపకుండానే తీర్పు చెప్పారు. "ఇంజిను లేపాల్సిందే అమ్మాయ్."

"కప్పీ లేకుండా లేపలేవు."

"కప్పీ రొసెందోది."

"మీ నోళ్ళకి కప్పీ కట్టి లేపేవాళ్ళెవరూ లేరా?" అంటూ ఓదిలియా కారు కిందినుంచి బయటికొచ్చింది. లేచి నిలబడి రేకు గోడనే చూస్తూ ఉండిపోయింది. ఆ బోల్టు ముందు వైపునుంచి అందదు, సరే. కారు లోపలినుంచి చూస్తే? నడిపేవాళ్ళ కాలి దగ్గర, గేరు రాడ్డుకి కాస్త ముందు, గోడకి అవతలే ఉంది కదా అది.

ముందు సీటు ఊడదీసి వీధిలో పెట్టింది. కందిదా వెంటనే దానిమీద కూర్చుంది. తివాచీ లాగి పారేసి, సుత్తీ ఉలీ తెచ్చుకుంది.

"ఏం చేస్తున్నావ్?" మెల్చోర్ కుర్చీలోంచి అరిచాడు.

"కిటికీ పెడుతున్నా."

"నా కారుకా? ఇంజిను మార్చిన రోజు కూడా ఈ రేకు మీద ఒక్క గాటు పడనివ్వలేదు నేను! అడుగు, ఊళ్ళో ఎవర్నైనా అడుగు!"

"రొసెందో షెడ్డులో అయితే రేకు నున్నగానే ఉంటుంది నాన్నా. అందులో మనం ఉండం, అంతే."

"ఓదిలియా! ఉలి కింద పెట్టు."

పెట్టలేదు. పక్కింటినుంచి డ్రిల్లు తెచ్చి వైరు లాగి ఆన్ చేసింది. అది రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. వీధంతా "హా" అంది. కరెంటు పోయింది.

"దేవుడు కూడా వద్దంటున్నాడు చూడు," అన్నాడు తండ్రి.

"దేవుడు కాదు, కరెంటోళ్ళు," అంది. కోయాల్సిన చోట గీత గీసుకోడానికి రేకు మీద గట్టిపడ్డ తారు గీకడం మొదలుపెట్టింది.

తారు పెచ్చులుగా ఊడింది. దాని కింద ఉబ్బెత్తుగా ఒక గీత కనిపించింది. ఇంకా గీకింది. గీత మలుపు తిరిగింది. మళ్ళీ తిరిగింది. అది వెల్డింగు కుట్టు. భోజనం పళ్ళెమంత నలుచదరపు ముక్క, ఎవరో కోసి, మూసి, పైన తారు పూసిన ముక్క. గుడ్డ కిరోసిన్‌లో ముంచి తుడిస్తే ఎర్రరంగు బయటపడింది. దానిమీద సగం తెగిన తెల్ల అక్షరం.

కందిదా సీటు మీంచి లేచొచ్చి తొంగిచూసింది. "ఓరి దేవుడా! ఇది మన మలుపులో ఉండే 'ఆగండి' బోర్డు కాదూ? అది ఏమైందో తెలీక మా ఆయన ఆ మూల మీద గాడిదబండిని గుద్దాడు!"

డామినోలు ఆగిపోయాయి. ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

ఓదిలియా కారులోంచి దిగి తండ్రి ముందు నిలబడింది. "ఏంటది నాన్నా?"

"తుప్పు పట్టి ఉంటే..."

"తుప్పు నలుచదరంగా పడుతుందా?"

మెల్చోర్ పడిపోయిన చేతిని మంచి చేత్తో ఒళ్ళోకి తీసుకున్నాడు. "నాక్కూడా అందలేదు ఆ బోల్టు," అన్నాడు. "రేకు కోసేవాడు మెకానిక్కు కాదు, కసాయివాడు అనేవాడు నాకు పని నేర్పినాయన. ఎవరూ చూడకుండా కోశాను. ఎవరూ చూడకుండా మూశాను."

"వానాకాలమంతా నేను రాయి తీసి దొర్లించుకుంటుంటే చూశావు. వాడు నన్ను తాడు కట్టి బజారంతా ఈడ్చుకొస్తే చూశావు. అప్పుడు కూడా నోరు విప్పలేదు. నీ పేరు నున్నగా ఉండటానికి నా బండి ఇచ్చేద్దామనుకున్నావు."

ఆమె గొంతు పెద్దది కాదు. అయినా వీధి చివరిదాకా వినబడినట్టు ముసలాళ్ళందరూ డామినో పలకల వైపు చూపు దించేశారు. ఆమె జవాబు కోసం ఆగలేదు. వెనక్కి వెళ్ళి ఉలి కుట్టు మీద పెట్టి సుత్తితో కొట్టింది. ఒక్కో దెబ్బకీ కారు మొత్తం గంటలా మోగింది.

మూత ఊడొచ్చింది. రంధ్రం వెనకే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో, గ్రీజు ముద్దలో కూరుకుని ఉంది పై బోల్టు. ఆమె బోర్లా పడుకుని, తల కిందికి, కాళ్ళు తలుపు బయటికి పెట్టి పానా తగిలించింది. జారింది. మళ్ళీ తగిలించింది. మళ్ళీ జారి వేళ్ళ కణుపులు చిట్లాయి.

"ఏ పానా పెట్టావ్?" తండ్రి గొంతు దగ్గర్లో వినిపించింది. కర్ర ఊతంతో మెట్లు దిగి వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"మిగతావాటికి పెట్టిందే."

"అది పట్టదు. ఇంజినుతో వచ్చిన అసలు బోల్టు పోతే, ఈ అమెరికా కారుదే ఒకటి మర కోసి పెట్టాను. రష్యా పానా దానికి వదులు. నా పెట్టెలో అడుగున అమెరికావి ఉంటాయి."

ఓదిలియా తల బయటికి తీసి చూసింది. "ఇంకేమైనా దాచావా?"

"కోబ్రే గుడిలో మాత మీద ఒట్టు. ఇంకేం లేదు."

అమెరికా పానా బోల్టు తలని కరిచి పట్టుకుంది. పానాకి గొట్టం తొడిగి, పాదం తలుపు అంచుకి తన్నిపెట్టి లాగింది. ఒకసారి టక్కుమని విరిగినంత చప్పుడైంది. విరిగింది బోల్టు కాదు, దాని పంతం.

పాత సెల్ఫ్ కిందికి దించేసింది. తెచ్చిన సెల్ఫ్ బరువు. కింద ఒకరు ఎత్తి పట్టుకుంటేగాని పైన ఒకరు బోల్టు తిప్పలేరు. ఓదిలియా ఎవర్నీ పిలవలేదు. బట్టలారేసే తాడు రంధ్రంలోంచి కిందికి వదిలి, కారు కింద దూరి సెల్ఫ్‌కి కట్టింది. పైకొచ్చి తాడు లాగి, సరిగ్గా కూర్చున్నాక గేరు రాడ్డుకి ముడేసింది. అప్పుడు తీరుబడిగా బోల్టు తిప్పింది.

ఆదివారం రొసెందో ఉతికిన చొక్కా వేసుకుని, భుజాన తాడుతో వచ్చాడు. వీధంతా గుమ్మాల్లోనే ఉంది.

"దొర్లించడం కుదరదు సుమా," అన్నాడు.

"రాయి చక్రం కిందే ఉంది. వంగి చూసుకో అన్నయ్యా."

తాళంచెవి తిప్పింది. టిక్కుమంది. అంతే. ఎవరో కిసుక్కుమన్నారు. రొసెందో తాడు భుజం మీంచి దించాడు. ఓదిలియా ఎవరి మొహమూ చూడలేదు. వంగి, రంధ్రంలో చెయ్యి పెట్టి, సెల్ఫ్ మీద వదులైన వైరు నట్టు బిగించి మళ్ళీ కూర్చుంది. తాళంచెవి తిప్పింది. ఇంజిను గర్జించింది. గోడ మీది కోళ్ళు ఎగిరిపోయాయి.

"ఒకసారి ఎవరికైనా లేస్తుంది," అన్నాడు రొసెందో.

ఆపేసింది. మళ్ళీ లేపింది. ఆపేసింది. మళ్ళీ లేపింది.

"చాల్లే, బ్యాటరీ అయిపోతుంది!" అని కసిరాడు మెల్చోర్. తర్వాత రొసెందో వైపు తిరిగి, "తాడు తీసుకుపో నాయనా. బండికి డ్రైవరుంది," అన్నాడు.

రొసెందో వెళ్ళాడు గాని ఊరికే వెళ్ళలేదు. మెల్చోర్ కారు రేకుకి కన్నమని, కసాయి పనని సాయంత్రానికల్లా పేటంతా చెప్పాడు. ఆ మాట మెల్చోర్ చెవిన పడింది.

"వెల్డింగువాణ్ణి పిలుస్తాను. ఆ మూత మళ్ళీ అతికించేద్దాం. మీద తారు పూస్తే..."

"వద్దు. నాలుగు మరలు పెట్టాను. కావలసినప్పుడు విప్పుకుంటా."

"తివాచీ అయినా పరిచెయ్. ఎక్కేవాళ్ళు చూస్తారు."

"చూడనీ."

ఓదిలియా తివాచీని కత్తిరించి కందిదా కాళ్ళు తుడుచుకునే పట్టాగా ఇచ్చేసింది. ఎర్రరేకు మూత ముందు సీటు కాళ్ళ దగ్గర, సగం అక్షరంతో సహా, ఎక్కిన ప్రతివాళ్ళకీ కనిపిస్తోంది. సోమవారం మొదటి ట్రిప్పులో మెల్చోర్ కూడా ఎక్కాడు, రేవు చూసి చాలా రోజులైందని చెప్పి. పక్కన కూర్చున్న లావుపాటి ఆవిడ కిందికి చూసి, "ఇదేంటమ్మా, కాళ్ళ దగ్గర తలుపు పెట్టారు?" అంది.

మెల్చోర్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"మా నాన్న కోశాడు, మా నాన్న మూశాడు," అంది ఓదిలియా గేరు వేస్తూ. "తెరిచింది నేను. వేడొస్తుంది, కాలు కాస్త పక్కకి పెట్టుకోండి."