ఖాళీ గిన్నె

నిన్న ఆమదాలవలసలో పక్కింటి పిల్ల మా గిన్నె ఖాళీగా తెచ్చిచ్చింది. "ఉత్త గిన్నె పంపుతారా ఎవరైనా?" అని దులిపేయబోయి, ఆ పిల్ల మూతికంటిన నువ్వులు చూసి ఆగిపోయాను.

నా ఏడో ఏట నాన్న మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో లెక్కల మాస్టారు. "నాలుగు రాళ్లు ఎనకేసుకోడానికొచ్చాం, పంచిపెట్టడానికి కాదు" అనేవాడు. పక్కింటి ఆమినా మాత్రం రోజు విడిచి రోజు సీమపనస కూర గిన్నెనిండా పంపేది.

ఒకరోజు అమ్మ ఊరినుంచి తెచ్చుకున్న ఆఖరి నువ్వులూ బెల్లమూ దంచి ఆరు ఉండలు చుట్టింది.

"ఒసే, ఉత్త గిన్నిస్తే ఏటనుకుంటాది? ఇవి ఆవిడికిచ్చీసి రా."

నాన్న మాట నిలబెడుతున్నానని నాకు నేనే చెప్పుకుని, కొబ్బరిచెట్టు వెనక కూర్చుని ఆరూ తినేశాను. ఖాళీ గిన్నె ఆమినా చేతిలో పెట్టాను.

సాయంత్రం బావి దగ్గర అమ్మ, ఆవిడ భాష రాక, చేత్తో ఉండ చుట్టినట్టు చూపించి, "బాగున్నాయేటమ్మా?" అని ఆవిణ్ణి అడిగింది. ఆమినా నా మొహంలోకి చూసింది. తర్వాత పొట్ట నిమురుకుని, ఎంతో రుచన్నట్టు తల ఊపింది. అమ్మ మురిసిపోయింది.

మర్నాడు కూర మామూలుగానే వచ్చింది. నాన్న వెనకేసిన రాళ్లలో సగం ఆ గిన్నెలోంచి వచ్చినవేనని పెద్దయ్యాక గాని నాకు తెలియలేదు. ఎవరితోనైనా వాదించి గెలిచే నేను, అమ్మకి ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేకపోయాను.

నిన్న రాత్రి ఆ పిల్ల తల్లి గోడమీంచి అడిగింది, "పిన్నీ, ఉండలెలాగున్నాయి?"

"శానా బాగున్నాయే" అన్నాను, తలెత్తకుండా.