నీళ్ళ మాత్ర

పల్లెటూరి బడిలో చదివి, నర్సు శిక్షణలో మొదటి స్థానం తెచ్చుకున్నదాన్ని. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క మెమో ఎరగను. నోరు తిరగని మందుల పేర్లను ఇంటి మాటల్లోకి దించిన ఘనత కూడా నాదే: రక్తం మాత్ర, బలం మాత్ర, నీళ్ళ మాత్ర. వార్డంతా ఆ మాటలే వాడేది.

అలాంటి నన్ను ఒక దర్జీ కాలు నిలవనివ్వలేదు.

గుండె బలహీనం. కాళ్ళు ఉబ్బి, ఆయాసంతో రెండు నెలల్లో మూడోసారి వచ్చాడు. మంచం మీద కూడా మెడలో టేపు తీయడు. పొద్దున్నే తన పిక్క తానే కొలుచుకుంటాడు. పాదం చెప్పులో పట్టక మిషను తొక్కడం మానేశాడు. సూదిమందుతో వాపు కాస్త తగ్గింది.

"ఇంకోసారి ఇలా ముదిరితే మనిషి దక్కడు" అంటూనే డాక్టరు అతన్ని మధ్యాహ్నం ఇంటికి పంపే కాగితం మీద సంతకం పెట్టాడు.

మాత్రలు చూపించి చెప్పాను. "అర్థమైందా?"

"అయిందమ్మా."

మూడుసార్లూ అదే జవాబు, అదే తొందర. తలుపుదాకా వెళ్ళి వెనక్కొచ్చాను. మళ్ళీ వెళ్ళాను. గడియారం పదకొండున్నర చూపిస్తోంది. ఇక లాభం లేదని అతని భార్యను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను.

"ఏమయ్యా, నేను చెప్పింది మీ ఆవిడకి నువ్వు చెప్పు."

"పరీక్షా, సిస్టరమ్మా?"

"పరీక్షే. నీకు కాదు, నేను చెప్పిన తీరుకి."

"ఈయన నాకు చెప్పడమా! పెళ్ళైన దగ్గర్నుంచీ నోరు విప్పితేగా" అందామె.

అతను ఒక్కో మాత్ర ఎత్తి చూపాడు. "ఇది రక్తం మాత్ర, రక్తం పడుతుంది. ఇది బలం మాత్ర, బలమొస్తుంది. ఇది నీళ్ళ మాత్ర..." గొంతు తగ్గించాడు. "ఇది మాత్రం వేసుకోను."

"ఎందుకని?"

"కాళ్ళనిండా నీళ్ళేనాయె. మళ్ళీ నీళ్ళు పట్టే మాత్ర దేనికమ్మా? మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు."

అతని లెక్కలో తప్పు లేదు. పేరు పెట్టింది నేను.

"పట్టేది కాదయ్యా, తోడేసేది!"

"తోడేసేదా? మరి ఆ ముక్కే అనొచ్చుగా!"

మళ్ళీ చెప్పించాను. ఈసారి సరిగ్గా చెప్పాడు. అతన్ని పంపాక అన్నం డబ్బా తెరవబుద్ధి కాలేదు. మొదటి మంచం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరినీ అడిగాను. మరో ముగ్గురు అదే మాత్రను దిండు కింద దాచారు.

పదిహేను రోజులకు దర్జీ చెప్పులేసుకుని నడిచొచ్చాడు. పిక్కకు టేపు చుట్టి, కొలత మీద బొటనవేలు నొక్కి చూపించాడు.

"రెండంగుళాలు లోపలికి పట్టిందమ్మా, మీ తోడే మాత్ర."

ఇప్పుడు వార్డులో ఆ పేరే వాడుతున్నారు. అదీ నేను పెట్టిందే.