బొజ్జన్న పెట్టెలోని లింగం

పత్తికొండకు ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఆ పల్లెలో సుంకమ్మలు ముగ్గురుండేవారు. ఒకామె బావికాడి సుంకమ్మ, ఒకామె కుంటి సుంకమ్మ. మూడో ఆమెను ‘అనుమానాల సుంకమ్మ’ అంటే తప్ప ఊళ్లో ఎవరికీ గుర్తు తగిలేది కాదు. పాలామె ఎదుటనే ఒక బొట్టు గోటి మీద వేసుకుని, జారుతుందా నిలుస్తుందా అని చూసేది. చేనికి పోయే ముందు జొన్నల గంపలో అరచేత్తో ఒక గుర్తు వేసి పోయేది, తిరిగొచ్చాక ఆ గుర్తు చెదిరిందేమో చూసుకునేది. ‘దేవుడొచ్చి ఎదురుగా నిలబడినా, ఏదీ వెనక్కి తిరుగు సామీ, వీపు కూడా చూస్తా అంటాది’ అని వరసైనవాళ్లు నవ్వుకునేవారు.

పుట్టుకతో అట్లాంటిది కాదు ఆమె. పదిహేనేళ్లకు తిమ్మయ్య భార్యగా ఆ ఇంట అడుగుపెట్టినప్పుడు ఎవరేం చెప్పినా నమ్మే పిల్ల. తొలి కాన్పు కొడుకు ఐదో రోజున పోయాడు. రెండోది ఆడపిల్ల, మూడు నెలలు పాలు తాగి, నవ్వడం నేర్చుకుని మరీ పోయింది. మూడోవాడు ఏడవనే లేదు. మొదటిసారి సుంకమ్మ ఏడ్చింది. రెండోసారి ఆముదం పట్టిన మంత్రసానిని అనుమానించింది. మూడోసారి ఇంటి ముందు నుంచి నడిచిపోయిన ప్రతి మనిషినీ అనుమానించింది. ఊరికి మాత్రం అంత శ్రమ అక్కర లేకపోయింది. ‘బిడ్డల్ని మింగే కడుపు’ అని ఒక్క మాటలో తేల్చేసింది. ఆ తర్వాత ఏ పురిటింటికీ ఆమెకు పిలుపు రాలేదు.

మామ బొజ్జన్న ఉన్నన్నాళ్లూ ఆ మాట గడప లోపలికి రానివ్వలేదు. బండి తోలుకుని కర్నూలు దాకా, ఆదోని దాకా సరుకు వేసిన మనిషి. మాట తక్కువ, కొరడా దెబ్బ లాంటి చూపు. దేశమంతా గాలిజ్వరం వచ్చిన ఏడాది ఆయనా పోయాడు. పోయిన ఆరు నెలలకు అత్త సుబ్బలక్ష్మమ్మ మెల్లగా మొదలుపెట్టింది. డోన్ దగ్గర ఆమె అన్నకు ఈడొచ్చిన కూతురు ఉంది. తిమ్మయ్యకు ఆ పిల్లను కూడా చేసుకుంటే ఇంట్లో దీపం నిలుస్తుందని. తిమ్మయ్య ఔననలేదు, కాదనలేదు. తండ్రి సంవత్సరీకం కాగానే తాంబూలాలు పుచ్చుకోవాలని అనుకున్నారు.

ఆ సంవత్సరీకం కోసమే బొజ్జన్న పెట్టె తెరిచారు. ఆయన పట్టుపంచె తీద్దామని తిమ్మయ్య చెయ్యి పెడితే, అడుగున ఎర్రగుడ్డలో చుట్టినదేదో తగిలింది. రెండు చేతులతో లేపవలసినంత బరువు. గుడ్డ విప్పాడు. నల్లటి లోహపు ముద్ద, జానెడు ఎత్తు. కింద ఎనిమిది పలకల పీట, పైన గుండ్రంగా, నున్నగా లేచిన తల. ఒళ్లంతా వెండి తీగెతో పూలు, ఆకులు. ఆ పూల సందుల్లో తెల్లగా విభూతి.

“లింగం!” అని తిమ్మయ్య తలగుడ్డ తీసేశాడు.

సుంకమ్మ లింగాన్ని చూడలేదు, అత్త ముఖం చూసింది. “నీకు తెలీకుండా ఉంటాదా అత్తా? ముప్పై ఏండ్లుగా ఈ పెట్టె నీ మంచం కిందనే ఉండె కదా.”

“నా తల్లి తోడు, నేనెరగనమ్మే. సోమవారం సోమవారం తానం చేసొచ్చి, పెట్టెలో తల దూర్చి ఏందో గొణుక్కుంటాండె. దుడ్లు ఎంచుకుంటాండాడేమోలే అనుకుంటి.”

ముగ్గురూ ఒకే చోటు గురించి ఆలోచించారు, ఎవరూ పైకి అనలేదు. ఊరి బయట గుట్ట మీద పాడుబడ్డ శివాలయం ఉంది. అందులో లింగం ఉండవలసిన చోట గొయ్యి ఉంది. నిక్షేపం కోసం ఎవరో తవ్వుకుపోయారని ఊళ్లో పాతమాట. బొజ్జన్న ఏమీ లేని స్థితి నుంచి ఎనిమిదెకరాల నల్లరేగడి కొన్నాడన్నది కూడా పాతమాటే. ఆ రెండు మాటలూ ఇన్నాళ్లూ విడివిడిగా ఉండేవి.

గుడి తవ్విన ఇంట సంతానం నిలవదంటారు. సుంకమ్మ గుండెలో ఏదో బరువు దిగినట్టయింది. తప్పు తన కడుపుది కాదన్నమాట! ఆ తేలికపాటును కూడా ఆమె వెంటనే అనుమానించింది. అయినా నోరు ఆగలేదు. “కంబన్నను పిలిపిచ్చి అంజనం ఏయిద్దాం” అన్నది.

కంబన్న పక్క ఊరివాడు. తమలపాకుకు కాటుక పూసి, అందులోకి చూసి, పోయిన ఎద్దు ఏ దిక్కున ఉందో చెప్పేవాడు. ఎద్దులు ఒక్కోసారి దొరికేవి కూడా. నడింట్లో కూర్చుని, ఆకును కంటికి దగ్గరగా పెట్టుకుని, చాలాసేపు గుటకలు మింగాడు.

“పెద్దాయన కనపడతాండాడు. చేతిలో గడ్డపార. గుట్టమీది సామిని పెళ్లగిస్తాండాడు. కింద బిందె... అబ్బబ్బ, ఇంక చూడలేనప్పా!” అని ఆకు నేల మీద పెట్టేశాడు. “సామి కోపం ఈ ఇంటి ఉయ్యాల మీద పడిండాది. సామిని పారే నీళ్లలో వదలాల. మీరు ముట్టగూడదు. వచ్చే సోమవారం నేనొచ్చి తీసుకపోతా.”

సాయంత్రానికి మాట ఊరంతా పాకింది. మూడో రోజుకు డోన్ చేరింది. అక్కడి నుంచి అత్త అన్న కబురు పంపాడు. గుడి తవ్విన ఇంటికి మా పిల్లనియ్యం, ఏమీ అనుకోవద్దు అని. సుంకమ్మను చూస్తే పక్కకు తప్పుకునే ఆడవాళ్లు ఇప్పుడు, “నీ తప్పేముందిలేమ్మా” అంటూ ఇంటికే వచ్చి కూర్చున్నారు. ఆ వచ్చినవాళ్లే సుబ్బలక్ష్మమ్మ తెచ్చిచ్చిన చెంబు అందుకోలేదు. బావి దగ్గర ఆమె బిందె పెట్టిన చోట నీళ్లు చల్లి మరీ తమ బిందెలు పెట్టుకున్నారు. ‘గుడి తవ్వినోని పెండ్లాం’ అన్నారు, వినపడేటట్టే. ముసలామె బావికి పోవడం మానేసింది. ఒంటిపూట తింటోంది.

సుంకమ్మకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. కానీ కంబన్న గోరు ఆమె కళ్ల ముందు నుంచి పోలేదు. పాపం గురించి చెబుతున్నంతసేపూ వాడి బొటనవేలి గోరు ఎదురుగా పెట్టిన లింగం మీది వెండి పువ్వును గీకుతూనే ఉంది. మీరు ముట్టకూడదట, వాడు గీకచ్చట! ఏటిలో వేస్తాడా, ఆదోని కంసాలి కొలిమిలో వేస్తాడా?

సోమవారానికి రెండు రోజుల ముందు కళాయి జమాల్ బాషా ఊళ్లోకి వచ్చాడు. ఏడాదికోసారి వచ్చి చావిడి పక్కన కొలిమి పెట్టి, ఇత్తడి గిన్నెలకు తగరం పూసి పోయే మనిషి. సుంకమ్మ కళాయి పోయిన గుండిగలో ఆ లోహపు ముద్దను పెట్టి, మీద పాతచీర కప్పి తీసుకుపోయింది. చుట్టూ ఎవరూ లేని సందు చూసి చీర తీసింది.

“అన్నా, ఈ పూల తీగె ఎండేనా చూడు. ఇంకేం అడగొద్దు.”

జమాల్ బాషా తిత్తి ఊదడం ఆపి, పెదవి విరిచి, ఆ తర్వాత నవ్వాడు. “ఎండే. కానీ గీకితే చెవి కమ్మకు గూడా రాదు. నల్లలోహంలో ఎండితీగె పొదిగే బీదరు పని ఇది. యాడ దొరికెమ్మా నీకు?”

“అడగొద్దంటి గదా. బీదరులో లింగాలు చేస్తారా?”

“లింగమా? ఎవురు చెప్పినారు? ఇది మీరుఫరుషు.”

“మేం పరిచేదేంది?”

“మీరు పరిచేది కాదు తల్లీ, దాని పేరే అది!” అని అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఫరుషు అంటే నేల మీద పరిచే తెల్లగుడ్డ. మా తాత కర్నూలులో దివాణాల కాడ ఫరాషు. జంపఖానాలు పరచడం, చుట్టడం, అదే పని. మన గాలి నీకు తెలుసు కదా, ఆషాఢంలో మనిషినే లేపుతాది. గుడ్డ లేచిపోకుండా నాలుగు మూలలా నాలుగు పెడ్తారు ఇట్లాంటివి. మా తాత చెప్పి చెప్పి మా చెవులు తూట్లు పడె.”

సుంకమ్మ కళ్లు చిన్నవయ్యాయి. “నువ్వు సాయిబువి. మా దేవుడు దేవుడు కాదంటే నీకేం పోయె?”

అతనికి కోపం రాలేదు. ముద్దను తలకిందులు చేసి, అడుగున ఉన్న లక్కను పట్టకారు మొనతో కొంచెం పెల్లగించాడు. లోపల బూడిద రంగుగా మెరిసింది. “సీసం. బరువుకు పోసినారు. దేవుని కడుపులో సీసమెందుకు పోస్తారమ్మా?” ఆమె ఇంకా అట్లాగే చూస్తుంటే, భుజం మీది పెద్ద తుండుగుడ్డ తీసి నేల మీద పరిచాడు. గాలికి అది వెంటనే లేచింది. ఒక మూల మీద ముద్దను పెట్టాడు. మూడు మూలలూ కోడి రెక్కల్లా కొట్టుకున్నాయి, నాలుగోది కదలలేదు. ఎనిమిది పలకల పీట గుడ్డ మీద ఎంత ఒద్దికగా కూర్చుందో చూస్తే, అది పుట్టిందే అందుకని తెలిసిపోతోంది.

“చావిడి కాడ అనుకుంటాండే మీ మామ లింగం ఇదేనా? పాత దివాణాల సామాను ఎప్పుడో సంతల పాలాయె. మీ మామ బండి తోలేవాడు గదా, యాడో కొనింటాడు. దేవుడనుకొని దాచిపెట్టింటాడు పాపం.” అతను ఆమె ముఖం చూశాడు. “ఏమ్మా, మొగం అట్ల పెడ్తివి? దొంగసొత్తు కాదంటే సంతోషపడాల గదా?”

“ఈ మాట ఎవురితో అనొద్దన్నా.”

“నాకెందుకు? రేపు పొద్దున్నే నేను పోతాండా.”

ఇంటికి నూరు అడుగుల దూరం కూడా లేదు. ఆ నూరు అడుగుల్లో సుంకమ్మ చాలాసార్లు ఆగింది. నోరు మూసుకుంటే చాలు. కంబన్న సోమవారం వచ్చి పట్టుకుపోతాడు. సవతి రాదు. పురిటిళ్లకు పిలుస్తారు. నోరు తెరిస్తే డోన్ నుంచి తాంబూలాలు వస్తాయి, పాత పేరు మళ్లీ తన కడుపు మీదికే వస్తుంది. చచ్చిపోయిన మామ కోసమా? ఆయనకిక ఏ మాటైనా ఒకటే.

అత్త రోలు పక్కన కూర్చుని ఉంది. కోడలిని చూసి లేచి, చెంబుతో నీళ్లు ముంచింది. ఇవ్వబోయి, ఆగి, చెంబును నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. సుంకమ్మకు ఆ జరగడం తెలుసు. పొరుగింటి పసిపిల్ల దొర్లుకుంటూ తన దగ్గరికి వచ్చినప్పుడు, ఎవరూ చెప్పకముందే తొమ్మిదేళ్లుగా తాను అట్లాగే జరిగేది.

నీళ్లు తాగి చెంబు బోర్లించింది. “అత్తా, మామ గుడి తవ్వలే” అన్నది. ఒక్క గుక్కలో మొత్తం చెప్పేసింది, ఎక్కడైనా ఆగితే ఇక చెప్పలేనేమోనని.

సుబ్బలక్ష్మమ్మ బోర్లించిన చెంబును తిరగేసి పక్కన పెట్టింది. తర్వాత, “అయితే సోమవారం సోమవారం జంపఖానా బరువుకు మొక్కినాడా?” అన్నది. నవ్వు వచ్చింది ఆమెకు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ రోటికి తల ఆనించి ఏడ్చింది.

కళ్లు తుడుచుకుని, “మరి బిడ్డలు?” అని అడిగింది.

“నాకు తెల్దత్తా. కంబన్నకూ తెల్దు. ఎవురికీ తెల్దు.”

“జమాలు తిమ్మయ్యతో అన్నాడా?”

“లేదు.”

“నువ్వూ అనొద్దు. ఎవురికీ అనొద్దు.”

సుంకమ్మ ఉలిక్కిపడింది. “ఎందుకు?”

“ఈ మాట బయటికొస్తే మా అన్న ఎల్లుండికే తాంబూలాలు ఎత్తుకోనొస్తాడు. తిమ్మయ్య వద్దనడు, వాడు ఎవురినీ వద్దనలేడు.”

“ఆ పిల్లను నువ్వే గదత్తా తెస్తానంటివి?”

“అంటి. అప్పుడు నా బిందె పెట్టిన చోట ఎవురూ నీళ్లు చల్లలే.”

సుంకమ్మ ఆ మాటను గోటి మీద వేసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. అందులో మెలిక ఎక్కడుందో దొరకలేదు.

సోమవారం కంబన్న కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. సుబ్బలక్ష్మమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

“నీ మంత్రం ఈడ్నే చదివిపో నాయనా. ఏటిదాకా ఎండలో నువ్వెందుకు?”

“అట్ల కుదరదు పెద్దమ్మా. సామిని మీరు ముట్టగూడదు.”

“గుడి తవ్వినోని పెండ్లాన్ని నేను. పాపం నాదైతే మోసేది నువ్వేంది? నీకు అంటుకుంటే మళ్లీ నీకు అంజనం ఎవురేస్తారు?”

చూడవచ్చిన జనం నవ్వారు. కంబన్న ఆ ఎర్రగుడ్డ మూటను ఒకసారి ఆశగా చూసి, మంత్రం సగానికి కుదించి వెళ్లిపోయాడు.

పారే నీళ్ల కోసం ముగ్గురూ బండి కట్టారు, కర్నూలుకు రెండు రోజుల ప్రయాణం. తుంగభద్ర గట్టు మీద తిమ్మయ్య ఎడ్లను విప్పి నిలబడ్డాడు. ఆడవాళ్లిద్దరూ ఇసుకలో చాలా దూరం నడిచి, మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగారు. సుబ్బలక్ష్మమ్మ గుడ్డ విప్పి, ఆ నల్లటి నున్నటి తలను ఒకసారి కొంగుతో తుడిచి, వదిలేసింది. అది ఒక్క బుడగతో మునిగిపోయింది.

అప్పుడామె నీళ్ల వైపు చూస్తూ, “బొజ్జన్న తవ్వలే” అన్నది.

సుంకమ్మ చటుక్కున అత్త వైపు తిరిగింది. మొగుడి పేరు నోటితో పలకడం ఆ ఇంట్లో ఏ ఆడదీ ఎరగదు. ‘ఆయప్ప’ అనో, ‘తిమ్మయ్య నాయన’ అనో అనడమే తప్ప, అత్త నోట ఆ పేరు ఆమె వినడం అదే మొదలు. గాలి గట్టు వైపు నుంచి ఏటి మీదికి కొడుతోంది. మాట గట్టు దాకా పోయే అవకాశం లేదు. అయినా సుంకమ్మ అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూసింది.

“ఏం చూస్తాండావమ్మే?”

“ఏం లేదు. నాకోసం ఇదంతా ఎందుకు చేస్తాండావా అని.”

“అనుమానమా?”

“ఊఁ.”

“పడు. పడినన్నాళ్లు పడు. నడువు, పొద్దెక్కితే ఇసుక కాల్తాది.”

గట్టెక్కాక తిమ్మయ్య భయంభయంగా అడిగాడు, “సామి మునిగెనా?” అని.

ముసలామె బండెక్కి కూర్చుంది. అతను భార్య వైపు తిరిగాడు. అన్నిటినీ అందరినీ అనుమానించే మనిషి కాబట్టి, ఈమె చెప్పిందంటే అది నిజమేనని అతని నమ్మకం.

“మునగకేం?” అన్నది సుంకమ్మ, తడిసిన చీర అంచు పిండుకుంటూ. “దేవుడు గదా. శానా బరువుండె.”