పసుపు పెట్టిన పాస్‌పోర్టుతో మస్కట్‌కి

“ఆ పుస్తకాలు ఎక్కడెట్టేవే?” అని అడిగారు ఆయన.

“దేవుడి పటం కిందెట్టేనండీ. పసుపు కూడా ఎట్టేను.”

“నాలుగు మూలలా ఎట్టేవా?”

“ఆయ్.”

“మంచి పని చేసేవ్,” అని కండువా దులుపుకుని తోటకి వెళ్ళిపోయారు.

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. పుస్తకాలంటే మా పాస్‌పోర్టులు. ఆయనదీ నాదీ కలిపి ముందురోజే పోస్టులో వచ్చాయి. మా అమ్మాయి వేణి మస్కట్‌లో ఉంటుంది. అల్లుడికి అక్కడ ఏసీ మెషీన్లు బాగుచేసే పని. ఇద్దరం వెళ్ళి వాళ్ళని చూసి రావాలనుకున్నాం. ఆ రోజు తోటలో కాయ దింపిస్తూ గుండెలో నొప్పని కూర్చున్నారు, మళ్ళీ లేవలేదు. దాని గురించి ఇంతకన్నా రాయించను. ఇది ప్రయాణం గురించి.

మా డ్వాక్రా గ్రూపులో చాలామందికి పిల్లలు గల్ఫ్‌లోనే ఉన్నారు. నేను వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి ఎలా వెళ్ళేవు, ఏం అడిగేరు అని ఒకటే ప్రశ్నలు. నా గొంతు అసలే బొంగురు, చెప్పి చెప్పి ఇంకా పోయింది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు చదవడం వచ్చు, అంతే. అందుకని నేను చెబుతుంటే మా మరిది కూతురు దుర్గ రాస్తోంది.

ఆయన పోయిన మరుసటి ఏడు వేణికి మళ్ళీ నెల తప్పింది. తొలి కాన్పు మా ఇంట్లోనే చేశాం. ఈసారి డాక్టరు విమానం ఎక్కవద్దంది. పురుడు పొయ్యడానికి నేనే వెళ్ళాలి, అత్తగారు లేని పిల్ల. అల్లుడు వీసాకి పాస్‌పోర్టు ఫోటో పంపమంటే దుర్గని తోడు తీసుకుని అమలాపురంలో ఒక ట్రావెల్స్ షాపుకి వెళ్ళాను.

షాపాయన పుస్తకం తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. “దీనికి ఈ పసుపు మరకలేంటమ్మా?” అన్నాడు.

నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. కొత్త చీరకి పెడతాం, శుభలేఖకి పెడతాం, పంచాంగానికి పెడతాం. మా రేషన్ కార్డుకి కూడా పెట్టాను, ఎవరూ ఏమీ అనలేదు. పాస్‌పోర్టు అంతకంటే పెద్దది కదా అని ఫోటో ఉన్న పేజీకే నాలుగు మూలలా తడి పసుపు దిట్టంగా అద్దాను. పైన నున్నటి పొర ఉంది గాని, అంచుల్లోంచి పసుపు లోపలికి పాకింది.

వీసా వరకు ఇబ్బంది లేదుగాని ఎయిర్‌పోర్టులో దీన్ని పాడైన పాస్‌పోర్టు అన్నా అనొచ్చు, అనకపోనూవచ్చు, అక్కడ చూసేవాళ్ళ ఇష్టం అన్నాడు షాపాయన. కొత్తది తీసుకుంటే పోలీసు ఎంక్వయిరీ, మళ్ళీ వీసా, అన్నీ మొదటికొస్తాయట. వేణికి నెలలు నిండుతున్నాయి. అవన్నీ అయి నేను వెళ్ళేసరికి బిడ్డకి బారసాల కూడా అయిపోతుంది. దీంతోనే వెళతాను అన్నాను.

వీసా వచ్చింది. అప్పుడు నేను చేసిన పని రాయవద్దంటోంది దుర్గ, నా పరువు పోతుందట. రాయి, ఇంకొకరు చెయ్యకుండా ఉంటారు. మరక వదలగొడదామని సబ్బు రాసిన తడిగుడ్డతో ఒక మూల రుద్దాను. పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో పుట్టి బుద్ధెరిగిన ప్రతి ఆడదానికీ తెలుసు. ఆ మూల పారాణి పెట్టినట్టు ఎర్రగా అయింది. దుర్గ వాళ్ళమ్మ, అంటే నా తోడికోడలు, వచ్చి చూసి నోరు నొక్కుకుంది. “అక్కా, నీ బట్టలకి మరకైతే ఏం చేస్తావు?” అంది. ఎండలో వేస్తాను. పసుపు ఎండకి వెలిసిపోతుంది కదా. సరేనని డాబా మీద ఎండు కొబ్బరి చిప్పల పక్కన పాస్‌పోర్టు తెరిచి పెట్టి, ఎగిరిపోకుండా రెండు చిప్పలు బరువు పెట్టి, కాకులకి కాపలా కూర్చున్నాం. మూడు మూలలు వెలిశాయి. సబ్బు పడిన మూల మాత్రం చిన్న ఎర్ర జీర మిగుల్చుకుంది. పైగా ఆ ఎండకి అట్ట కొంచెం వంకర తిరిగింది.

ఆయన పాస్‌పోర్టుని నేను కడగలేదు, ఎండబెట్టలేదు. బయల్దేరేటప్పుడు రెండూ కలిపి ఒకే రబ్బరు బ్యాండు వేసి సంచిలో పెట్టుకున్నాను. ఆయనది ఎందుకు దొడ్డమ్మా అంది దుర్గ. కలిపే వచ్చాయి, కలిపే ఉంటాయి అన్నాను.

రాజోలు నుంచి హైదరాబాదు వెళ్ళే బస్సు దీపాలు పెట్టే వేళకి మా కోనసీమ గన్నవరం వస్తుంది. అక్కడ గోదావరి పాయ మీద కాలువని దాటించే వంతెన, అక్విడెక్టు దగ్గర ఎక్కాను. కిటికీ సీటు అడిగి తీసుకోండి, లేకపోతే నడవ పక్కన కూర్చుని వచ్చే పోయేవాళ్ళ సంచుల దెబ్బలు తినాలి. నా పక్కన రాజోలావిడ ఒకావిడ ఉంది, పేరు నాగమణి. కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది, సెలవు అయిపోయి తిరిగి వెళుతోంది. రావులపాలెం దాటేలోపు నా కథంతా ఆవిడకి తెలిసిపోయింది.

“పాస్‌పోర్టు ఎక్కడెట్టేరండీ?” అంది.

బస్సెక్కాక సంచిలోంచి తీసి జాకెట్లో పెట్టుకున్నానన్నాను, అక్కడైతే భద్రమని.

“తీసేయండి అక్కయ్యగారూ. పసుపు సాలక సెమట కూడా పట్టించేస్తారా?”

ఆవిడే తన దగ్గరున్న ప్లాస్టిక్ సంచి ఇచ్చి రెండు పుస్తకాలూ అందులో పెట్టించింది. దుర్గ కట్టిచ్చిన పులిహోర విప్పాను. నాగమణి ముద్ద తీసుకుంటూ, ఈ చేత్తో ఆ పుస్తకం ముట్టుకోకండి అని నవ్వింది. ముందు సీటాయన తిరిగి చూసేదాకా ఇద్దరం నవ్వాం. పులిహోర మాత్రం బస్సుకి చాలా మంచిది, పాడవ్వదు.

తెల్లారేసరికి హైదరాబాదు. ఎల్‌బీ నగర్లో దిగి, డిపోలో ముఖం కడుక్కుని, ఇడ్లీ తిని, ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కాం. దాంట్లో సామాను పెట్టుకోవడానికి చోటుంది. ఆటో వాళ్ళు మీద మీదకి వస్తారు, బెదరకండి. నాగమణి విమానం నా దానికన్నా ముందు. లోపలికి వెళ్ళే దారి చూపించి, ఎవరేమడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పమని నా చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

టికెట్టు కౌంటరు దగ్గర సామాను తూచారు. ఎండు కొబ్బరి కురిడీలు ఉన్నాయా అని అడిగింది అక్కడి పిల్ల. ఉన్నాయమ్మా, మా తోటవే అన్నాను గొప్పగా. అవి విమానంలోకి కుదరవట, నూనె ఉంటుంది గనక అంటుకుంటాయట. కోనసీమ నుంచి వచ్చినదాన్ని కొబ్బరి లేకుండా పొమ్మన్నారు. పురిటి కాయం, పూతరేకులు, వెల్లుల్లి మాత్రం ఒప్పుకున్నారు. మీరు వెళ్ళేటప్పుడు కురిడీలు ఇంటి దగ్గరే వదిలెయ్యండి. ఆ పిల్ల నా పాస్‌పోర్టుని అటూ ఇటూ తిప్పి ఇంకొకామెకి చూపించింది. లోపల ఇమిగ్రేషన్ వాళ్ళు ఒప్పుకుంటే మాకేం లేదు అని విమానం ఎక్కే కాగితం ఇచ్చారు.

టీ తాగాను. దాని ఖరీదు చెప్పను, చెబితే మీరు దాహంతోనే వెళతారు.

ఇమిగ్రేషన్ అంటే అద్దాల గదుల్లాంటి బల్లలు, ఒక్కొక్క దానికీ ఒక మనిషి. నాకు పడినతను కుర్రాడు, మన తెలుగువాడే. పుస్తకం మెషీన్లో పెట్టాడు. అది పలకలేదు. మళ్ళీ పెట్టాడు, పలకలేదు. పేజీని దీపం కింద పెట్టి చూశాడు.

“ఈ పేజీ ఎవరు కడిగారమ్మా?” అని అడిగాడు.

నేనే కడిగానని చెప్పాను. అతని ముఖం మారింది. పేజీ కడిగారంటే ఫోటో మార్చారనో, పేరు దిద్దారనో వాళ్ళకి అనుమానం వస్తుందని నాకేం తెలుసు? నన్ను పక్కన కుర్చీలో కూర్చోమని పుస్తకం పట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఆ కుర్చీలో కూర్చుని వేణిని తలుచుకున్నాను. నొప్పులు వచ్చేసరికి ఆ పిల్ల పక్కన ఒక ఆడమనిషి ఉండాలి, అంతే. విమానం వెళ్ళిపోతుందేమో, నన్ను వెనక్కి పంపిస్తే బస్సులో పులిహోర కూడా లేదు అనుకున్నాను. భయంలో కూడా తిండే గుర్తొచ్చింది, చూడండి.

పెద్దావిడ ఒకామె వచ్చింది, పై ఆఫీసరు. కళ్ళజోడు పైకి తోసుకుని మరకల కథ చెప్పమంది. పటం కింద పెట్టిన దగ్గర్నుంచి డాబా మీద కాకుల దాకా చెప్పాను. విని, అబద్ధమని అనలేదు, నిజమని కూడా అనలేదు. పసుపు అయితే ఈ మూల ఎందుకు ఎర్రగా ఉంది అంది. సబ్బు రుద్దానండీ అన్నాను. మిగతా మూలల్లో ఏమీ కనపడటం లేదే అంది. ఎండకి వెలిసిందండీ అన్నాను. నేను చెప్పేవన్నీ నిజాలే గాని, వరసగా వింటుంటే నాకే నమ్మకం కలగలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. సంచిలో చెయ్యి పెట్టి రబ్బరు బ్యాండు ఉన్న రెండో పుస్తకం తీశాను.

“ఇది కడగలేదండీ. అదే రోజు, అదే చేత్తో ఎట్టేను,” అన్నాను.

ఆమె తెరిచింది. ఆయన ఫోటో, దాని చుట్టూ నాలుగు మూలలా నాలుగు పసుపు బొట్లు, నిన్న పెట్టినట్టు పచ్చగా. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టింది. నా దాంట్లో మిగిలిన ఎర్ర జీర, ఆయన దాంట్లో ఆ మూల ఉన్న బొట్టు, రెండూ ఒకే చోట, ఒకే వేలి వెడల్పు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసింది.

“ఈయన రాలేదా?” అని అడిగింది.

“లేరండీ. ఈ పుస్తకాలు వచ్చిన మర్నాడే పోయేరు.”

ఆమె తన రుమాలుతోనే నా పేజీ కింది వరసలు పొడిగా తుడిచి, వంకర తిరిగిన అట్ట వేళ్ళతో సాపు చేసి, కుర్రాడికి ఇచ్చింది. ఈసారి మెషీను కూతపెట్టింది. అంత చక్కటి కూత నేను వినలేదు. ముద్ర వేశారు.

“తిరిగి రాగానే కొత్త పాస్‌పోర్టు తీసుకోండి. అన్ని చోట్లా ఇలా వదలరు. ఆయనది ఆఫీసులో చూపిస్తే కాన్సిల్ చేసి మీకే ఇస్తారు, దాచుకోవచ్చు,” అంది ఆమె. నాలుగడుగులు వేశాక వెనక్కి పిలిచి, “కొత్తదానికి పసుపు పెట్టాలనిపిస్తే పైన కవరుకి పెట్టుకోండమ్మా,” అంది. ఆయ్ అన్నాను.

విమానంలో చెవులు గడియ పడతాయి, బుగ్గన బెల్లంముక్క పెట్టుకుంటే సర్దుకుంటాయి. కిందకి చూస్తే నీళ్ళు, పైకి చూస్తే ఎండ. మన గోదావరి ఎన్ని పాయలు చీలినా ఆ సముద్రం ముందు బోదె కాలువే. మస్కట్‌లో దిగాక అక్కడి ఆఫీసరు నా పుస్తకం తిరగేసి, ఎర్ర జీర మీద ఒకసారి వేలు పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చేశాడు. ఒక్క మాట అడగలేదు. అల్లుడు బయట నిలబడి ఉన్నాడు. వేణి ఇంట్లో గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది, పొట్ట గుమ్మమంతా ఉంది.

వారం తిరగకుండా మనవరాలు పుట్టింది. నేనే నలుగు పెట్టాను, నేనే కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోశాను. పసుపు మాత్రం అక్కడ కొన్నదే, మన దానంత రంగు లేదు. సాయంత్రాలు అల్లుడు చేపల బజారుకి తీసుకెళ్ళేవాడు. వంజరం మనకన్నా పెద్దవి, మాట్లాడితే తగ్గిస్తారు. నేను తెలుగులో బేరమాడితే చేపలతను అరబ్బీలో ఆడాడు, ఇద్దరం వేళ్ళతో కుదుర్చుకున్నాం. భాష రాదని ఎవరూ మానకండి.

మూడో నెల రాకుండా తిరిగి బయల్దేరాను. హైదరాబాదులో దిగేటప్పుడు, ఎవరైనా అడిగితే చెబుదామని రెండు పాస్‌పోర్టులూ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మెషీను మొదటిసారే పలికింది. నా వంక చూడకుండానే ముద్ర వేసేశారు. చెప్పడానికి అంత కథ ఉంచుకుంటే అడిగేవాడు లేడు, కొంచెం చిన్నతనం అనిపించింది.

రాత్రంతా బస్సులో నిద్రపోయి, సిద్ధాంతం వంతెన మీద లేచాను. కిటికీలోంచి గోదావరి గాలి తగిలింది. నా పుస్తకం తెరిచి చూసుకున్నాను, ముద్రలు పడ్డాయి. ఆయన పుస్తకం తెరిచాను, పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ముద్ర పడలేదు గాని అది కూడా మస్కట్ వెళ్ళి వచ్చింది. నేను వెళ్ళడానికి దారి ఇచ్చింది అదే. రెండింటికీ మళ్ళీ రబ్బరు బ్యాండు వేశాను.

వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. దూరం ఎక్కువేం కాదు, మనుషులు అడిగితే దారి చూపిస్తారు, కురిడీలు తీసుకెళ్ళకండి, పసుపు కవరుకి పెట్టండి.

దుర్గా, ఇంక చాలు. నువ్వు రాసింది నాకు చదివి వినిపించు, మొదట్నుంచి. దొడ్డనాన్న మాట దగ్గర కొంచెం నెమ్మదిగా చదువమ్మా.