కప్పు కొట్టి చూసే మరిది

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, చర్ల సంతలో, మా మరిదికి చెవుడని నాకు అనుమానం వచ్చింది. బొగ్గుబాయిలో కర్రతో పైకప్పును కొట్టి, మోతను బట్టి గట్టిదో డొల్లదో చెప్పడం అతని పని. ఆ అలవాటుతో గుమ్మడికాయనైనా, మా ఇంటి తలుపునైనా కొట్టి తీర్పు చెప్పేవాడు. ఆ రోజు ఒక కుండను కొట్టాడు. అది బొంగురుగా పలికింది.

“గట్టిగుంది, తీస్కో వదినా.”

ఇంటికొచ్చి నీళ్లు పోస్తే వాకిలంతా తడిసింది.

అతని చెవి దగ్గర అరిచాను. “నీకు చెవుడు. పోయి డాక్టర్‌కు చెప్పు.”

“చెప్తే నన్ను బాయిల దించరు. పైన ఆఫీసు ముంగట ఊడ్వమంటరు. మావోళ్ల ముందు చీపురు పట్టమంటవా?”

చావు కన్నా చీపురుకు భయపడే మగవాణ్ణి అప్పుడే చూశాను. పరీక్ష చేసే డాక్టరు ఇంకా ఘనుడు. ఏటా తలెత్తకుండా “వినపడుతుందా?” అని ఒక్కటే అడిగేవాడు. అడగబోయేది తెలుసు కనుక మా మరిది ముందే “అవ్ సార్” అనేవాడు.

ఆ వానాకాలం ఉదయం షిఫ్టులో కప్పు కొట్టి, “గట్టిగుంది, రాండ్రి” అన్నాడు. డొల్ల మోత వెనకవాళ్లందరికీ వినపడిందట. పెద్దమనిషి మాటకు ఎదురు చెప్పకూడదని నోరు మూసుకున్నారు. అతనూ, వెనక ఇంకొకడూ ముందుకు నడవగానే కప్పు కూలింది.

సంతాప సభలో ఆఫీసరు మా మరిది చెవులను తెగ పొగిడాడు.

పోయింది ఇద్దరు. ఒకడు మా మరిది. రెండోవాడు అతని మాట మీద నడిచిన తోటి కార్మికుడు. అతనికి చెవులు బాగానే ఉండేవి.