నూనె తేలని సాలన్

ఒక గిన్నెడు సాలన్‌నూ, ఒక మంచి మనిషి ఆశనూ ఒకేసారి చిలికి పాడుచేసిన ఘనత నాది. గొప్పగా చెప్పుకునే సంగతేం కాదు గానీ, ఇన్నేళ్ళయ్యాక దాచుకుని మాత్రం ఏం చేసుకుంటాను, వినండి.

అవి అమీర్‌పేటలో పది అడుగులు వేస్తే వద్దన్నా చేతిలో నాలుగు కోర్సుల కరపత్రాలు పడే రోజులు. బీఫార్మసీ చదివిన నేను, మందులతో ఏం బాగుపడతాంలే అని, జావా నేర్చుకోవడానికి తెనాలి నుంచి వచ్చి పడ్డాను. గదిలో ఆరుగురం. కింద యూసుఫ్ భాయ్ మెస్సు. మాలో ఎవరికి జ్వరమొచ్చినా కిచిడీ చేసి మూడంతస్తుల మెట్లెక్కి తెచ్చే మనిషి. ఆ మెస్సు వాసన తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది.

పంజాగుట్టలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాళ్ళు రోజూ మధ్యాహ్నం భోజనం పంపేవాళ్ళ కోసం వెతుకుతూ, రుచి చూస్తాం తెమ్మన్నారు. నచ్చితే యూసుఫ్ భాయ్ పంట పండినట్టే. బగారా అన్నం, అందులోకి పులుసులాంటి మిర్చీ సాలన్ వండాడు.

సాలన్ దింపి ఆయన స్నానానికి వెళ్ళగానే, సాయానికని కిందికి దిగిన నేను మూత తీశాను. పైన ఎర్రటి నూనె, వేలెడు మందం. నాలోని ఫార్మసిస్టుకు ఒళ్ళు మండింది. పొద్దస్తమానం కుర్చీలకు అతుక్కుపోయేవాళ్ళు ఈ నూనె చూస్తే పారిపోరూ?

బేకరీలో పనిచేసే స్నేహితుడిచ్చిన సోయా లెసిథిన్ పొడి డబ్బా నా దగ్గరుంది. లెసిథిన్ అంటే కంగారు పడకండి, గుడ్డు పచ్చసొనలో ఉండేదే. ఒక కొసతో నీళ్ళనూ, రెండో కొసతో నూనెనూ పట్టుకుని, బద్ధశత్రువుల్ని ఒక బల్ల మీద కూర్చోబెడుతుంది. చాక్లెట్లలో అదే. నూనెలాంటి మందును నీళ్ళలో కలిపి నరానికి ఎక్కించాలన్నా చాలాసార్లు అదే దిక్కు. అలాంటిదానికి సాలన్ ఒక లెక్కా?

పొడి వేసి కవ్వం పట్టాను. యశోదమ్మ కూడా అంత చిలికి ఉండదు. నూనె మాయమైంది, సాలన్ పాలిపోయి చిక్కబడింది. నన్ను నేనే మెచ్చుకుని మూత పెట్టేశాను. యూసుఫ్ భాయ్ హడావిడిగా వచ్చి గిన్నెలు ఆటోలోకి ఎక్కించాడు. తోడుగా నేను.

ఆఫీసులో రుచి చూడ్డానికి వచ్చింది సత్యవతి గారు, కాకినాడావిడ. గరిటె ముంచి ఆగిపోయారు.

"ఏంటండీ ఇది? నూనె పైకి తేలలేదు. మసాలా పచ్చిగా ఉండగానే దింపేశారా?"

యూసుఫ్ భాయ్ గిన్నెలోకి చూశాడు. ఇరవయ్యేళ్ళుగా వండుతున్న మనిషి, గరిటెతో అడుగుదాకా కలిపి చూశాడు.

"లేదమ్మా. నూనె తేలినంకనే దింపిన."

"మరి ఆ నూనె ఏదండీ?"

"ఉందండీ. కనపడకుండా నేనే చేశాను," అన్నాను గర్వంగా.

"ఎందుకు బాబూ?"

"చూస్తే భయపడతారని..."

"తేలకపోతే ఉడికిందని ఎలా తెలుస్తుంది?"

నేను రెండు కొసల సిద్ధాంతం మొదలుపెట్టాను. ఆవిడ ఓపిగ్గా విని మూత పెట్టేశారు.

"రేపు మళ్ల తెస్త అమ్మా, జర ఒక్కసారి చూడండి," అన్నాడు యూసుఫ్ భాయ్.

"రేపు ఇంకొకళ్ళు తెస్తున్నారండీ."

తిరుగుదారిలో పంజాగుట్ట చౌరస్తా ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోయింది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆటో కదిలాక ఒళ్ళో గిన్నె సర్దుకుంటూ అడిగాడు. "గా పొడి ఇంక దేనికి పనికొస్తది తమ్మీ?"

"జ్ఞాపకశక్తికి మంచిదని కొందరంటారు భాయ్. రుజువైతే కాలేదు."

"అయితే గీ సాలన్ మొత్తం నువ్వే తిను. ఇంకోపారి నా గిన్నెల చెయ్యి పెట్టొద్దని యాదుంటది."

మూడు రోజులు తిన్నాను. మూడు రోజులూ పక్కన కూర్చుని ఆయనే వడ్డించాడు.

కాబట్టి పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరి గిన్నెలో జానెడు నూనె తేలినా సరే, కవ్వం ముట్టను. ఇక లెసిథిన్ జ్ఞాపకశక్తి పెంచుతుందో లేదో పెద్దలు తేల్చుకోనీండి. నేర్చుకున్న జావా మొత్తం మర్చిపోయాను గానీ, ఆయన చెప్పిన ఆ ఒక్క మాట మాత్రం మర్చిపోలేదు.